మామగారి ఎనభై, అత్తగారి నీటిగండం, మధ్యలో గోదారి

ప్రశ్న: వచ్చే జనవరిలో మా మామగారికి ఎనభై ఏళ్లు నిండుతాయి. ఆయన పుట్టింది రాజోలు దగ్గర ఒక లంక ఊళ్లో. ఉద్యోగానికని హైదరాబాద్ వచ్చేశాక పెళ్లిళ్లకీ కర్మలకీ తప్ప అటు వెళ్లలేదు. ఈ సందర్భానికి కుటుంబమంతా కోనసీమలో మూడు రోజులు ఉందామని, ఒక పడవ మొత్తం మాకే మాట్లాడుకుందామని అనుకున్నాం. పద్నాలుగు మందిమి. అత్తగారికి 74, మోకాళ్లు అరిగిపోయాయి. మామగారికి షుగరు, బీపీ. మాత్ర వేసుకున్నాక గంటగంటకీ బాత్రూముకి వెళ్లాలి, రాత్రుళ్లు కూడా లేస్తారు. మరిది కుటుంబం అమెరికా నుంచి వస్తోంది. ఆడపడుచు కూతురికి పదహారు నెలల పాప. మరిది హౌస్‌బోటులో రెండు రాత్రులు ఉందాం, ఖర్చంతా నాదే అంటున్నాడు. మావారికి అది నచ్చలేదు. ఆడపడుచు పాపికొండలు అంటోంది, అందరికీ ఒకే రంగు టీషర్టులు కూడా అంటోంది. అత్తగారికేమో చిన్నప్పుడు ఎవరో నీటిగండం ఉందని చెప్పారట, పడవ ఎక్కనే ఎక్కనంటున్నారు. సలహాలు అందరూ ఇస్తారు, ఫోన్లు చేయాల్సింది మాత్రం నేను. ఎక్కడ మొదలుపెట్టను?

— హైదరాబాద్ నుంచి ఒక పెద్దకోడలు

సమాధానం:

అమ్మా, ముందు మీ మరిది మాట తేల్చేద్దాం. డబ్బు ఎక్కువ పోయేదీ, ఒకసారి ఒప్పుకున్నాక బయటపడలేనిదీ అదే. రెండు రాత్రుల హౌస్‌బోటు వద్దు. బస ఒడ్డున పెట్టుకోండి. పడవ ఒక్క పూటకి మాట్లాడుకోండి, అదీ రెండున్నర మూడు గంటలకి. ఇది ఖాయం చేసుకుంటే మీ ఉత్తరంలో ఉన్న సగం తగువులు వాటంతటవే సర్దుకుంటాయి.

కేరళ ఫోటోలు చూసి హౌస్‌బోటంటే రాత్రంతా నది మీద తేలుతూ పోతుందనుకుంటారు చాలామంది. చీకటి పడ్డాక అది నడవదు, రేవులో కట్టేసి ఉంటుంది. అంటే ఆ రాత్రికి మీరు డబ్బు కట్టేది కదలని ఇరుకు గదికి. బాత్రూముకి ఎత్తు గడప ఉంటుంది, లోపల మనిషి వెనక్కి తిరగాలంటే గోడకి రాసుకోవాలి. మామగారు నిద్రమత్తులో ఆ గడప ఎన్నిసార్లు దాటాలో లెక్కేసుకోండి. పాప ఏడిస్తే మూడు గదుల వాళ్లూ లేస్తారు. అర్ధరాత్రి ఎవరికైనా ఒంట్లో నలతగా ఉంటే చీకట్లో దింపి కారు దాకా నడిపించాలి. కుర్ర జంటకి ఇదంతా సరదాయే. మీ మరిదికి అంత మోజుగా ఉంటే వాళ్ల కుటుంబాన్ని ఒక రాత్రి అందులోనే పడుకోమనండి. పొద్దున్న టిఫిన్‌కి మీ దగ్గరికి వచ్చేస్తారు. దానికి పద్నాలుగు మందీ కూడా ఉండక్కర్లేదు.

పాపికొండలు అసలు డెల్టాలో లేవు. రాజమండ్రికి ఎగువన, పోలవరం దాటాక కొండల మధ్య ఉంటాయి. ఎక్కువగా టికెట్టు కొనుక్కుని నలుగురితో పాటు వెళ్లే లాంచీలు, పొద్దున ఎక్కితే సాయంత్రం దాకా అందులోనే. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర లాంచీ మునిగింది ఆ దారిలోనే, నది వరద మీదున్నప్పుడు. మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు; జనవరి గోదారి ఆ గోదారి కాదు. కానీ వరద రోజుల్లో ఎవరైనా చవగ్గా పడవ ఇస్తామంటే ఎందుకు ఎక్కకూడదో పిల్లలకి తెలిసి ఉండాలి. ఆడపడుచు గారి కోరిక బాగానే ఉంది, మీ జట్టుకే కుదరదు. పెద్దవాళ్లూ పసిపాపా లేకుండా మిగిలినవాళ్లు మరో ఏడు వెళ్లొచ్చు.

మరి ఎక్కడ దిగాలి? మామగారిది రాజోలు వైపు కాబట్టి గోదారి వశిష్ఠ పాయని వదలొద్దు. దిండి వశిష్ఠ ఒడ్డునే ఉంది. పర్యాటక శాఖ రిసార్టుంది, చుట్టుపక్కల ప్రైవేటువీ ఉన్నాయి, పడవలు అక్కడే దొరుకుతాయి. హైదరాబాద్‌లో నరసాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి పాలకొల్లు వైపు వచ్చేస్తారు. అక్కడ దిగి చించినాడ వంతెన దాటితే దిండి. పెద్దవాళ్లని రైల్లోనే తీసుకురండి, రాత్రంతా కారులో కూర్చోబెట్టొద్దు. అమెరికా వాళ్లు విమానంలో వచ్చేట్టయితే రాజమండ్రి విమానాశ్రయం ఉన్న మధురపూడి నుంచి రెండు గంటల పైచిలుకు పడుతుంది. గదులు కింది అంతస్తులో ఉన్నవే అడగండి, లిఫ్టు ఉందన్నా సరే. కోరంగి మడ అడవులు కూడా చూద్దామని పిల్లలు అడుగుతారు. చెక్కల వంతెన మీద నడుస్తూ మడ చెట్ల వేళ్ల మధ్యకి వెళ్లడం బాగుంటుంది, కాదనను. అయితే అది గోదారి ఇంకో పాయ గౌతమి వైపు, కాకినాడ దగ్గర. దిండి నుంచి పోయి రావడానికి ఒక రోజు హరించుకుపోతుంది. మూడు రోజుల్లో దాన్ని ఇరికించొద్దు.

జనవరి అన్నారు కాబట్టి సంక్రాంతి సంగతి. ఆ నాలుగు రోజులూ కోనసీమలో గది దొరకడమే గొప్ప, దొరికితే రేటు మీరు అడగలేరు, కోడిపందాల జనంతో రోడ్లు కదలవు. కనుమ నాడు జగ్గన్నతోటలో ప్రభల తీర్థం చూడాలని మామగారు మనసు పడితే అది వేరే లెక్క. ఏకాదశ రుద్రుల ప్రభలు, అంటే వెదురుతో ఎత్తుగా కట్టి అలంకరించినవి, అక్కడికి చేరతాయి, కౌశిక కాలవలో దిగి నీళ్లలోంచి ప్రభని భుజాల మీద దాటిస్తుంటే చూసినవాళ్లు మర్చిపోరు. కానీ ఆ జనంలోకి ఆ మోకాళ్లనీ ఆ పసిపాపనీ తీసుకెళ్లలేం. మామగారినీ మరో ఇద్దరినీ కారులో పంపి, మిగిలినవాళ్లు ఇంట్లో గారెలు తింటూ కూర్చోవడమే. లేదంటే కనుమ వెళ్లిన మూడు నాలుగు రోజులకి ప్రయాణం పెట్టుకోండి. అప్పటికి ఊళ్లు ఖాళీ అవుతాయి, రేట్లు దిగుతాయి, చేలల్లో దాళ్వా (రెండో పంట వరి) నాట్లు పడుతుంటాయి. పొద్దున పూట మంచు మాత్రం దట్టంగా ఉంటుంది, అవతలి గట్టు కనపడదు. పొద్దున్నే పడవ అనే ఆలోచన మానుకుని మధ్యాహ్నం భోజనాల తర్వాత పెట్టుకోండి.

ఇక అసలు విషయం. దీని గురించి బుకింగ్ చేసేవాళ్లు చెప్పరు, అడిగేవాళ్లూ అడగరు.

పడవ ప్రయాణంలో పెద్దవాళ్ల కష్టమంతా రేవులో ఉంటుంది. ఒడ్డు నుంచి పడవ మీదికి ఒక బల్ల వేస్తారు. మనిషి వెనక మనిషి నడవాల్సినంత వెడల్పు, కాలు జారకుండా అడ్డంగా కొట్టిన చెక్క ముక్కలు, పట్టుకోవడానికి పక్కనొకళ్లు పట్టుకు నిలబడ్డ గెడ. ఎక్కేటప్పుడు ఆ బల్ల నేలకి సమంగా ఉంటుంది, అత్తగారు కూడా రెండు అడుగుల్లో దాటేస్తారు. మూడు గంటలు తిరిగి వచ్చేసరికి నీరు దిగిపోయి ఉంటుంది. పడవ కిందికి పోయింది, బల్ల నిలువుగా లేచింది, ఒడ్డు వారన ఒండ్రు తేలింది. జెట్టీ అయితే ఇంకో రకం: మెట్టుకీ పడవ అంచుకీ మధ్య మోకాలెత్తు తేడా వచ్చేస్తుంది. నవ్వుతూ ఎక్కిన మనిషి అక్కడ ఆగిపోతుంది. ఇద్దరు కుర్రాళ్లు చంకల్లో చేతులు వేసి లేపుతారు. ఆవిడకి నొప్పి సంగతి అటుంచి, అందరి ముందూ అలా లేపించుకోవడం చిన్నతనంగా ఉంటుంది. ఆ రోజుకి ఆవిడ జ్ఞాపకం అదొక్కటే.

నీరు అలా ఎక్కడం దిగడం ఎందుకంటే, దిండి సముద్రానికి బాగా దగ్గర. జనవరిలో ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీళ్లన్నీ కాలవల్లోకి మళ్లించేస్తారు, దాళ్వాకి కావాలి కదా. బ్యారేజీ దిగువకి వచ్చేది బహు కొద్ది. ఆ రోజుల్లో వశిష్ఠ సముద్రం చెప్పినట్టే వింటుంది: పోటుకి పెరుగుతుంది, ఆటుకి తగ్గుతుంది. ఒక నిండు పోటు నుంచి ఇంకో నిండు పోటుకి సుమారు పన్నెండు గంటల ఇరవై అయిదు నిమిషాలు. అంటే ప్రతిరోజూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. ఇవాళ మూడింటికి పోటు అయితే నాలుగు రోజుల తర్వాత ఆరుంబావు దాటుతుంది.

కాబట్టి పడవ వేళ మీ భోజనాన్ని బట్టి కాక పోటుని బట్టి పెట్టుకోండి. నిండు పోటుకి గంటంబావు గంటన్నర ముందు ఎక్కండి, అంతే సేపు తర్వాత దిగండి. రెండుసార్లూ నీరు ఇంచుమించు ఒకే ఎత్తులో ఉంటుంది, బల్ల ఒకేలా ఉంటుంది. మూడు గంటలకు మించొద్దని మొదట్లో అన్నది అందుకే. నాలుగైదు గంటలు తిరిగితే ఎక్కేటప్పుడో దిగేటప్పుడో ఎక్కడో ఒకచోట దెబ్బ తింటారు.

తిథి కూడా చూసుకోవచ్చు. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు బాగా పొడుస్తుంది, ఆటుకి అంతే లోతుకి దిగుతుంది. అష్టమి వెళ్లిన ఒకటి రెండు రోజులకి ఆ తేడా బాగా తక్కువ. అష్టమి, నవమి నాడు పడవెక్కమంటే అత్తగారు ఏమంటారో నాకు తెలుసు. ఆవిడ అదృష్టం, సముద్రం కూడా చంద్రుణ్ణి కాస్త ఆలస్యంగానే అనుసరిస్తుంది. దశమి నాడు పెట్టుకోండి. దశమికి ఏ ఇంట్లోనూ వంక పెట్టరు. పున్నమి వెన్నెల్లో పడవ అని మీ ఇంట్లో ఎవరో అనే ఉంటారు, ఇంకా అనకపోతే రేపంటారు. వెన్నెల బాగుంటుంది, రేవు బాగోదు.

పోటు వేళ ఎవరిని అడగాలంటే, సరంగుని, అంటే పడవ నడిపే మనిషిని. రిసెప్షన్‌లో కుర్రాణ్ణి కాదు. "ఫలానా తారీఖున మధ్యాహ్నం పోటు ఎన్నింటికండీ?" అని అడగండి. నీటి మీద బతికే మనిషి వేళ్లు మడిచి నిమిషంలో చెప్పేస్తాడు. "ఎప్పుడైనా పర్లేదండీ, వచ్చెయ్యండి" అన్నాడంటే ఆయనకి తెలియక కాదు, మోకాళ్లు అరిగిన పెద్దావిడ ఉన్నారని మీరు చెప్పి ఉండరు. అది ముందే చెప్పండి. వీలుంటే వెడల్పు బల్ల వేయిస్తాడు, లేదా మెట్లున్న రేవుకి పడవ తెస్తాడు.

పడవ కాగితాల గురించి మొహమాటపడొద్దు. 2021లో వచ్చిన ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం ప్రకారం ఇంజిన్ పడవకి రిజిస్ట్రేషన్, సర్వే సర్టిఫికెట్, బీమా ఉండాలి, నడిపేవాడికి సర్టిఫికెట్ ఉండాలి. వాటి ఫోటోలు వాట్సాప్‌లో పంపమంటే తప్పేమీ లేదు. సరైనవాడు అయిదు నిమిషాల్లో పంపుతాడు. ఎంతమందికి అనుమతి ఉందో అందులోనే రాసి ఉంటుంది. మీ పద్నాలుగుకి పడవ మనుషుల్ని కలపండి. పాప ఒళ్లోనే కూర్చుంటుంది కదా అని లెక్కలోంచి తీసేయొద్దు. లైఫ్ జాకెట్లు పెద్దవాళ్లవి ఎక్కడైనా ఉంటాయి, పదహారు నెలల పాపకి సరిపడేది దొరకడం కష్టం. పెద్ద జాకెట్టు పాపకి వేస్తే నీళ్లలో పైకి జారిపోతుంది, వేసినట్టు కాదు. మీ మరిది ఎలాగూ ఏదో ఒకటి చేయాలని తపనపడుతున్నాడు కాబట్టి, పాప బరువు చెప్పి అమెరికా నుంచి పసిపిల్లల జాకెట్టు ఒకటి తెమ్మనండి. తిరిగి వెళ్లేటప్పుడు ఆ పడవలోనే వదిలేస్తే ఇంకో పాపకి పనికొస్తుంది.

పై డెక్కు ఉన్న పడవ అయితే ఒక నియమం ముందే చెప్పండి: అందరూ ఒక్కసారే పైకి ఎక్కకూడదు, ఫోటో కోసం అందరూ ఒకే పక్కకి పోకూడదు. ఆ మాట సరంగు చేత చెప్పించండి. ఇంట్లోవాళ్లు చెబితే వినరు, ఖాకీ చొక్కా వేసుకున్న మనిషి చెబితే వింటారు. పడవలో మందు వద్దు. రాత్రి గదికి చేరాక మగవాళ్ల ఇష్టం. స్పీకర్లూ డీజే కూడా అక్కర్లేదు; మామగారు ఏదో ఒడ్డు చూపించి ఏదో చెప్పబోతారు, ఆ హోరులో వినపడదు.

కుర్రాళ్లు అంతర్వేది దాకా, అన్నాచెల్లెళ్ల గట్టు దాకా పడవలోనే పోదామంటారు. వద్దు. నది సముద్రంలో కలిసే ఆ సంగమం దగ్గర మధ్యాహ్నం దాటాక గాలి పెరుగుతుంది, ఇసుక మేటలుంటాయి, పడవ ఊగడం మొదలుపెడితే అత్తగారి నీటిగండం అందరికీ అంటుకుంటుంది. నది మీద ఇటు అటు తిరిగి వచ్చేయండి. అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి ఇంకో పూట కారులో వెళ్లండి. మాఘమాసంలో స్వామి కల్యాణం రోజులు తగిలాయేమో మాత్రం చూసుకోండి, అప్పుడు లక్షల్లో జనం.

బాత్రూము. కమోడ్ ఉన్న పడవే మాట్లాడండి. ఉందన్నారంటే సరిపోదు, ముందు రోజు సాయంత్రం మీ వారు వెళ్లి తలుపు గడియ, నీళ్లు, పట్టుకోవడానికి కడ్డీ ఉన్నాయో లేదో స్వయంగా చూసి రావాలి. ఆ రోజుకి మాత్ర మానేయండి మామయ్యా అని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. వినొద్దు. వేసుకునే వేళ జరపొచ్చా అని ఆయన డాక్టర్నే అడగండి. షుగరు మాత్రలు, గ్లూకోజు, ఆయన తినే బిస్కెట్లు ఉన్న సంచి మీ భుజానే ఉండాలి, కారులో కాదు.

అత్తగారి దగ్గరికొద్దాం. ఆవిణ్ణి ఒప్పించే పని పెట్టుకోవద్దు. "ఈ రోజుల్లో కూడా ఏమిటత్తయ్యా" అన్న మాట అసలే వద్దు. డెబ్భై ఏళ్లుగా మోసుకొచ్చిన మాట అది, మీరు రెండు రోజుల్లో దింపలేరు. ఒక్కటి మాత్రం నెమ్మదిగా కనుక్కోండి: ఆవిడ భయపడేది నీటికా, బల్లకా? మోకాళ్లు పట్టేసిన చాలామంది ఆడవాళ్లు ఎక్కలేనని చెప్పలేక గండం పేరు చెబుతారు. బల్లకే అయితే పైన చెప్పిన పోటు లెక్కతో సగం తీరుతుంది. నిజంగా నీటికే అయితే ఆవిడ ఒడ్డునే ఉంటారు, అది కూడా ఒక హాయైన ఏర్పాటుగా చేయండి. నీడలో కుర్చీ, కొబ్బరి నీళ్లు, కబుర్లకి ఒక మనిషి. ఆ మనిషి ప్రతిసారీ పెద్దకోడలే కానక్కర్లేదు. కూతురు ఉంది కదా.

ఇంకో మార్గం కూడా ఉంది. సఖినేటిపల్లి రేవు నుంచి నరసాపురానికి పంటు నడుస్తుంది. మనుషులు, మోటారు సైకిళ్లు, కార్లు అన్నీ ఎక్కుతాయి. బల్ల ఎక్కే పని లేదు, కారు నేరుగా పంటు మీదికి పోతుంది. అత్తగారు కారు దిగకుండానే వశిష్ఠ దాటేయొచ్చు. అద్దాలు దింపి, తలుపుల లాకు తీసి ఉంచండి, డ్రైవరు చేతి బ్రేకు వేసి పక్కనే ఉండాలి. పది పదిహేను నిమిషాల పని. చుట్టూ కాలేజీ పిల్లలు, పాల క్యాన్లు, కూరగాయల గంపలు ఉంటే గండం సంగతి ఎవరికీ గుర్తురాదు. నరసాపురంలో దిగాక అల్లిక లేసు దుకాణాలున్నాయి. అక్కడ ఆవిడదే పెత్తనం.

భోజనాలకి పెద్దగా చెప్పేదేమీ లేదు. పడవలో వండించుకోవద్దు, మధ్యాహ్నం పన్నెండున్నరకల్లా ఒడ్డునే అందరికీ పెట్టేసి ఎక్కండి. రొయ్యలు, పీతలు, పండుగప్ప ముందు రోజే చెప్పి చేయించుకోండి. జనవరిలో పులస అని ఎవరైనా వడ్డిస్తే అది ఫ్రిజ్‌లో నిలవుంచిందైనా అయ్యుండాలి, పులస కాకుండా అయినా ఉండాలి. సముద్రంలోంచి అది ఎర్రనీటికి ఎదురెక్కేది వరద నెలల్లో. విమానానికి వెళ్లేవాళ్లు పి.గన్నవరం మీదుగా పొమ్మనండి. కింద వైనతేయ పాయ, దాని మీద వంతెన కట్టి కాలవని అవతలికి దాటించిన అక్విడక్టు అక్కడుంది. పాతది కాటన్ నాటిది, కొత్తదానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. నది మీద నది ఏమిటని అమెరికా పిల్లలు తప్పకుండా కారు ఆపమంటారు. కాస్త పక్కకి పోతే అంబాజీపేటలో పనసాకు బుట్టల్లో ఉడికించిన పొట్టిక్కలు తినొచ్చు, అయితే పొద్దున్నే వెళ్లాలి.

డబ్బు. మీ మరిది అంతా పెడతానంటే మీ వారికి నచ్చకపోవడం సహజం. పెద్దకొడుకు ఉండగా నాన్న పండగకి తమ్ముడు డబ్బు పెట్టాడన్న మాట ఆయన చెవిలో మోగుతూ ఉంటుంది. అలాగని రసీదులు ముందేసుకుని తలకింత అని పంచుకోవద్దు, పాప తలకి ఎంత అన్న దగ్గర చర్చ మొదలవుతుంది. పద్దులు పంచుకోండి. పడవ మొత్తం మరిదిది. బస మీది. బండ్లు, డ్రైవర్లు ఆడపడుచు వాళ్లది, ఒప్పుకుంటే. ఆడపిల్లని అడగొచ్చా అని మీ వారు సందేహిస్తారు. అడగకుండా వదిలేస్తేనే ఇప్పటి ఆడపిల్లలకి చిన్నతనం. ఎవరి పద్దు ఎంతైందో రెండోవాళ్లు అడగకూడదని ముందే అనుకోండి. పుట్టినరోజు భోజనం ఖర్చు మాత్రం మామగారికి వదిలేయండి. ఎనభయ్యో ఏట సొంత ఊరి దగ్గర తన డబ్బుతో పదిమందికీ అన్నం పెట్టే అవకాశం ఆయన చేతిలోంచి లాక్కోవద్దు.

పడవకి అడ్వాన్సు ఇచ్చేటప్పుడు, గాలివాన వచ్చి సరంగు పడవ తీయనంటే డబ్బు వెనక్కిస్తారా, మరో పూట తీసుకెళతారా అన్నది వాట్సాప్‌లో రాయించుకోండి. పడవని రెండో రోజున పెట్టుకుంటే మూడో రోజు చేతిలో ఉంటుంది. సరంగు వద్దంటే మారు మాట్లాడొద్దు, ఎంత దూరం నుంచి వచ్చామో చెప్పి బతిమాలొద్దు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో అందరి మాటా ఉంది: మరిది ఏమన్నాడు, ఆడపడుచు ఏమంది, అత్తగారు ఏమన్నారు, మీ వారికి ఏం నచ్చలేదు. మామగారి మాట ఒక్కటీ లేదు. ఆయన్ని అడిగారా? ఆశ్చర్యపరుద్దామని దాచి ఉంటారు. దాచొద్దు. చించినాడ వంతెన లేని రోజుల్లో పెరిగిన మనిషి. ఏ రేవులో ఎక్కి బడికి పోయేవారో, ఎవరి పడవో, ఏ లంకలో పుచ్చకాయలు దొంగతనం చేశారో ఆయనకి గుర్తుండే ఉంటుంది. ఆ రేవు మీదుగా పడవ తిప్పమని సరంగుకి చెబితే అదనంగా రూపాయి కూడా కాదు. ఆయనకి పడవకన్నా ఊళ్లో నడవాలని ఉంటే పడవని గంటన్నరకి కుదించేయండి, నాకేం బాధ లేదు.

ఊరికి వెళ్లేముందు మాత్రం అక్కడున్న చుట్టాల్లో ఎవరికైనా ఫోను చేసి ఒక విషయం కనుక్కోండి. లంక ఊళ్లలో వరద వచ్చినప్పుడల్లా గట్టు కోతకి గురవుతుంది. 1986 ఆగస్టు వరద చూసిన ఊళ్లు అవి. చేలూ కొబ్బరి తోటలే కాదు, ఇళ్ల స్థలాలు కూడా నదిలో కలిసిపోయిన చోట్లున్నాయి. ఆయన పుట్టిన ఇల్లు ఉందా, పడిపోయిందా, ఆ చోటే ఉందా అన్నది ముందు మీకు తెలియాలి, తర్వాత ఆయనకి హైదరాబాద్‌లోనే, ఇంట్లో కూర్చోబెట్టి కొడుకులు చెప్పాలి. మనవల ముందు, కెమెరాల ముందు ఆయన ఆ సంగతి తెలుసుకోకూడదు. చోటు లేకపోయినా వెళ్లండి. ఆయనతో చదువుకున్నవాళ్లు ఒకరిద్దరు ఊళ్లో ఉంటే ముందే కబురంపి, వాళ్లని కూడా పడవలోకి పిలవండి. పద్నాలుగుకి పదహారు అవుతారు, సర్టిఫికెట్‌లో రాసిన సంఖ్య దాటకుండా చూసుకోండి.

ఫోన్లు మీరే చేయాలన్నారు. రెండు చాలు మీకు: రిసార్టుకి ఒకటి, సరంగుకి ఒకటి. బండ్ల ఫోన్లు ఆడపడుచువి, చుట్టాల ఫోను మీ వారిది, జాకెట్టు మరిదిది.

టీషర్టుల సంగతి మిగిలింది. మామగారు వేసుకుంటానంటే అందరూ వేసుకోండి. డబ్బు పోసి వీపు మీద ఏదేదో అచ్చేయించొద్దని మాత్రం ఆడపడుచు గారికి చెప్పండి. పడవలో ఉన్నంతసేపూ దాని మీద లైఫ్ జాకెట్ ఉంటుంది.